ముడి

చలికాలంలో అడవంతా చచ్చినట్టే ఉంటుంది.
ఏ కొమ్మ నిద్రపోతోందో, ఏ కొమ్మ పోయిందో
ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో చూపుతో తేల్చడం
నాకు చేతకాలేదు.
అందుకే గోరు.
బెరడు మీద బొటనవేలి గోటితో ఒక గీత:
కింద పచ్చ కనబడితే జరిమానా,
గోధుమరంగు పొడి రాలితే, పో అమ్మా, పో.

ఫెర్గానా లోయకి ఎగువన, ఈ అక్రోటు అడవిలో
గొడ్డలికి అనుమతి లేదు, రంపానికీ లేదు.
దోటి ఒక్కటే.
కొక్కెం తగిలించి లాగితే ఊడొచ్చింది నీది,
రానన్నది చెట్టుది.
ఈ రూలు రాసిన కాయితం నా జేబులోనే ఉంది,
మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలై.

ఓయ్‌నిసాకి కాయితం అక్కర్లేదు.
ఆమె కట్టెలేరేది డిసెంబరులో కాదు, జూన్‌లో.
ఆకు దట్టంగా ఉన్నప్పుడొచ్చి
తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరుచుకుని,
హాజరు వేసే పంతులమ్మలా
ఒక్కో చెట్టునీ పలకరించేది.
పలకని కొమ్మ కనిపిస్తే
ఆ మానుకి ఎర్ర ఉన్నిదారం.
ముడి ఏ వైపుంటే కొమ్మ ఆ వైపు.
ఎన్ని ముళ్ళో, కింది నుంచి అన్నో కొమ్మ.

మంచు పడ్డాక గాడిదని తోలుకొచ్చి
దారం చూసుకుని దోటి ఎత్తేది.
ఒక్క లాగు. పెళ్ళుమని చప్పుడు.
కొమ్మతోపాటు మెడలోకి మంచు.
ఆ మంచుని ఆమె తిట్టే తిట్లు
ఇక్కడ రాయను.

ఆమె మోపుకి నేనెప్పుడూ గోరు పెట్టలేదు.
పెడితే నా గోటికే అవమానం.

పోయినేడు గేటు దగ్గర గాడిద ఆగింది.
మోపులో ఒక కొమ్మ చివర వంగి ఉంది.
ఎండుపుల్ల వంగదు, విరుగుతుంది.
గీశాను. పచ్చ.
ఇంకోటి గీశాను. తడి పచ్చ.
"ఏమయింది?" అంది ఓయ్‌నిసా
నా పక్కనున్న గేటు స్తంభంతో.

నాతో కాదు. స్తంభంతో.

రసీదు పుస్తకం తీశాను.
చలికి పెన్ను రాయలేదు.
నిజం చెప్పాలంటే, రాసింది.
ఆమె ఆ కొమ్మల్ని తడుముకుని
తనే గోటితో గీసి, వేలు నాలిక మీద పెట్టుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఈసారి జూన్‌లో పొగమంచు ఎక్కువలే," అంది.
జూన్‌లో పొగమంచు లేదు.
"అవును, ఎక్కువే," అన్నాను.

పచ్చికట్టె మండదు, ఏడుస్తుంది.
ఆ రాత్రి ఆమె ఇంటి గొట్టంలోంచి తెల్లటి పొగ
ఊరంతటికీ చాడీలు చెబుతూ.

ఈ జూన్‌లో మా ఆవిడ పాత స్వెటరొకటి విప్పి
(దానికి వేరే గొడవ జరిగింది)
అడవిలో తల వెనక్కి వాల్చి నిలబడ్డాను.
మెడ పట్టేసింది.
ఇన్నేళ్ళూ నేలే చూశాను,
బూటు గుర్తుల కోసం, గొడ్డలి పేళ్ళ కోసం.
ఒక కొమ్మకి రెండే రెండాకులు.
దాన్ని ఏ లెక్కలో వెయ్యాలి?
గంటసేపు దాని కింద నిలబడి
దారం తిరిగి జేబులో పెట్టుకున్నాను.

నిన్న మొదటి మంచు.
గాడిద వచ్చింది, దాని వీపు మీద చెయ్యేసుకుని ఆమె.
ఒక మానుని తడిమింది. దారం తగిలింది.
ముడిని వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఈ ముడితో మేకని కడితే
మేక రెండో ఊరు దాటుతుంది,"
అని గాడిదకి చెప్పింది, గట్టిగా.
నేను పదడుగుల దూరంలో
ఊపిరి బిగబట్టి.

తర్వాత ముళ్ళు లెక్కపెట్టింది.
ఒకటి. రెండు. మూడు.
దోటి మానుని రాసుకుంటూ పైకి పాకింది,
మొదటి కొమ్మని తట్టి, రెండోదాన్ని తట్టి
మూడోదాని మీద ఆగింది.
లాగింది.

పెళ్ళుమంది.

ఆ వెంటనే మంచు, ఆ వెంటనే తిట్లు.
వాటిలో కొన్ని నావేనని
నా అనుమానం.